మమ అనిపించని కొలత

ఆసుపత్రిలో చేరిన రోగి మణికట్టుకు కట్టే ప్లాస్టిక్ పట్టీ మీద ఒక బార్‌కోడ్ ఉంటుంది. మందు ఇచ్చే ముందు నర్సు ఆ పట్టీని స్కాన్ చేయాలి, మందు ప్యాకెట్‌నూ స్కాన్ చేయాలి. డాక్టరు రాసిన ఆర్డరుతో రెండూ కలిస్తే కంప్యూటర్ ఒప్పుకుంటుంది, కలవకపోతే హెచ్చరిక చూపిస్తుంది. చెప్పడానికి ఇంతే. అయితే అమెరికా ఆసుపత్రుల్లో వార్డులు తిరిగిన కొందరు పరిశోధకులకు ఆ పట్టీ మీద ఉండాల్సిన బార్‌కోడ్ ద్వారబంధానికి అంటించి కనిపించింది. కంప్యూటర్ పెట్టుకునే బండి మీద కనిపించింది. స్కానర్‌కే అతికించి కనిపించింది. నర్సు బెల్టుకు తగిలించుకున్న రింగుకు వేలాడుతూ కూడా కనిపించింది. ఆ కాపీని స్కాన్ చేస్తే చాలు, రోగి మొహం చూడకపోయినా రోగిని సరిచూశారని కంప్యూటర్ రాసేసుకుంటుంది. కాలేజీలో రానివాడి పేరు పిలిస్తే పక్కవాడు ‘ప్రెజెంట్ సార్’ అన్నట్టే. హాజరుపట్టీలో మాత్రం నూటికి నూరు.

ఇలాంటివన్నీ పోగుచేసి, రకాలుగా విడదీసి, ఒక్కోదాని వెనక కారణమేమిటో, దానివల్ల ఏ ముప్పు రావచ్చో పేర్చి చూపిన వ్యాసం 2008లో ‘జర్నల్ ఆఫ్ ది అమెరికన్ మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ అసోసియేషన్’లో వచ్చింది. రాసినవాళ్లు నలుగురు: రాస్ కోపెల్, తోషా వెటర్‌నెక్, జోయెల్ లియాన్ టెలెస్, బెన్-జియాన్ కార్ష్. భద్రత కోసం పెట్టిన డిజిటల్ పద్ధతిని పనిచేసేవాళ్లు ఎంత నిండుగా పాటిస్తున్నారో కొలవాలనుకునే ఎవరికైనా నేను మొదట చేతిలో పెట్టే వ్యాసం ఇదే. మందులతో పనిలేనివాళ్లకూ పనికొస్తుంది. ఫ్యాక్టరీలో వర్క్ పర్మిట్‌ను ట్యాబ్‌లో నింపే సూపర్‌వైజర్‌కి, బండి తీసేముందు బ్రేకులు చూశానని యాప్‌లో టిక్కు కొట్టే డ్రైవర్‌కి, వాళ్ల మీద రిపోర్టులు తయారుచేసే ఆఫీసుకి కూడా ఇందులో వాటా ఉంది.

ముందుగా ఈ స్కానింగ్ ఎక్కడినుంచి వచ్చిందో ఒక మాట. 1992లో కాన్సాస్ రాష్ట్రం టొపీకాలోని మాజీ సైనికుల ఆసుపత్రి నర్సు స్యూ కినిక్ అద్దె కారు తిరిగి ఇస్తుంటే, అక్కడి ఉద్యోగి చేతి స్కానర్‌తో కారు మీది బార్‌కోడ్‌ను చదివి పని ముగించాడట. కార్లకు చేసేది మందులకు ఎందుకు చేయకూడదని ఆవిడకు తట్టింది. ఆ ఆలోచన ఆ ఆసుపత్రిలోనే పనిముట్టుగా మారి, 2000 వచ్చేసరికి దేశవ్యాప్తంగా మాజీ సైనికుల ఆసుపత్రులకు పాకింది. 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందుల లేబుళ్ల మీద బార్‌కోడ్ ఉండాలని నిబంధన తెచ్చింది. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అని నర్సింగ్ విద్యార్థులు బట్టీపట్టే ఐదింటిలో చాలామటుకు యంత్రమే సరిచూస్తుందన్నది ఆశ. వార్డులో ఒక పద్ధతి మొదలయ్యాక మేనేజ్‌మెంట్ వేసే మొదటి ప్రశ్న ‘ఎంత శాతం స్కాన్ అవుతున్నాయి?’ అనే. కంప్యూటర్ ఆ శాతాన్ని దశాంశాలతో సహా చెబుతుంది. అక్కడితో తృప్తిపడేవాళ్లే ఎక్కువ.

కోపెల్ తృప్తిపడే రకం కాదు. ఆయన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రవేత్త. 2005లోనే, డాక్టర్లు కంప్యూటర్‌లో మందుల ఆర్డర్లు పెట్టే వ్యవస్థ 22 రకాల పొరపాట్లకు ఆస్కారం ఇస్తోందని ‘జామా’ పత్రికలో రాసి కంప్యూటర్ కంపెనీలకు కోపం తెప్పించిన మనిషి. వెటర్‌నెక్ డాక్టరు. కార్ష్ విస్కాన్సిన్‌లో మనిషికీ పనిముట్టుకీ మధ్య పొంతన గురించి పనిచేసిన ఇంజినీరు. ఈ కలయిక ఊరికే కుదరలేదనిపిస్తుంది. వ్యాసంలో ప్రతి పేజీలోనూ ఈ మూడు చూపులూ తెలుస్తూనే ఉంటాయి.

పని చేసిన తీరు చూడండి. ఐదు ఆసుపత్రులు. వాటిలో రెండింటిలో నర్సుల వెంట నీడలా తిరిగి ఎలా స్కాన్ చేస్తున్నారో చూశారు. ఐదింటిలోనూ సిబ్బందితో, పెద్దవాళ్లతో మాట్లాడారు. స్కానింగ్ గురించి జరిగే స్టాఫ్ మీటింగుల్లో కూర్చున్నారు. ఒక ఆసుపత్రి తన పద్ధతిలో ఎక్కడెక్కడ ఏం తప్పు జరగవచ్చో ముందే ఊహించి రాసుకునే కసరత్తు చేస్తుంటే అందులో పాలుపంచుకున్నారు. ఇవన్నీ అయ్యాక, నర్సులు కంప్యూటర్ హెచ్చరికను ఎప్పుడెప్పుడు దాటేశారో చెప్పే ఓవర్‌రైడ్ లాగ్‌లను విశ్లేషించారు.

ఈ ఐదు దారుల్లో ఏ ఒక్కటి తీసుకున్నా లోపం ఉంది. కళ్లతో చూస్తే, చూస్తున్నారని తెలిసి నర్సు ఒద్దికగా చేయవచ్చు. అడిగితే, చేయాల్సింది చెబుతారు గాని చేసేది చెప్పకపోవచ్చు. మీటింగులో గొంతు పెద్దదైనవాళ్ల సమస్యలే వినిపిస్తాయి. లాగ్ అబద్ధం చెప్పదు, అలాగని మొత్తం నిజమూ చెప్పదు. ద్వారబంధం మీది స్టిక్కర్ సంగతి లాగ్‌కు ఎప్పటికీ తెలియదు. ఒకదాని గుడ్డితనాన్ని ఇంకోదాని చూపుతో పూడ్చుకుంటూ పోయారు వీళ్లు. పనితనం అని నేననేది ఇదే.

తేలింది 15 రకాల అడ్డదారులు. వాటిని మూడు గుంపులు చేశారు. చేయాల్సిన మెట్టును వదిలేయడం మొదటిది. మెట్లన్నీ ఎక్కినా వరస తప్పడం రెండోది. పద్ధతిలో లేని మెట్టును సొంతంగా చేర్చుకోవడం మూడోది. చూడ్డానికి మామూలు విభజనే. కానీ శాతం లెక్కలతో సరిపెట్టుకునే ఆఫీసుకి ఇది పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది. మొదటి గుంపును కంప్యూటర్ చాలావరకు పట్టుకోగలదు, స్కాన్ లేకపోతే ఖాళీ కనిపిస్తుంది కనుక. రెండో గుంపు దగ్గర కంప్యూటర్ తడబడుతుంది. మందు ముందు ఇచ్చేసి తర్వాత తీరిగ్గా స్కాన్ చేస్తే స్కాన్ ఉంటుంది, రక్షణ ఉండదు. హెచ్చరిక వచ్చేసరికి మాత్ర కడుపులో ఉంటుంది. మూడో గుంపు మరీ మాయదారిది. కాపీ పట్టీని స్కాన్ చేయడం ఈ కోవలోదే. ఇక్కడ కంప్యూటర్‌కి అన్నీ సవ్యంగా, వేళకు, వరసలో జరిగినట్టే కనిపిస్తుంది.

అంటే ‘పూర్తయింది’ అనే ఒక్క గడిలో, నిజంగా పూర్తయినదీ తలకిందులుగా పూర్తయినదీ ఉత్తుత్తిగా పూర్తయినదీ కలిసిపోతాయి. మమ అనిపించినదానికీ మనసుపెట్టి చేసినదానికీ ఒకే మార్కు పడుతుంది. భద్రతా యాప్‌లు అమ్మే కంపెనీల డ్యాష్‌బోర్డుల్లో పచ్చగా మెరిసే శాతాలన్నీ ఈ గడిని కూడి వేసినవే.

మరో రకం చూడండి. ముగ్గురు నలుగురు రోగుల మందులను ముందే స్కాన్ చేసి, బండిలో పేర్చుకుని, గది గదికీ వెళ్లి ఇచ్చేయడం. బయటివాళ్లకు ఇది బద్ధకంలా అనిపిస్తుంది. లోపల చూస్తే లెక్క వేరు. పొద్దున మందుల వేళకు రోగులందరికీ ఒకేసారి ఇవ్వాలి. బండి బరువు, గది ఇరుకు, వైర్‌లెస్ సిగ్నల్ ఒక మూల ఉంటే ఇంకో మూల ఉండదు. సిగ్నల్ బాగున్న చోట అన్నీ స్కాన్ చేసుకుని బయల్దేరితే పని వేళకు ముగుస్తుంది. నర్సు ఇక్కడ ఒక భద్రతను (వేళకు మందు) కాపాడుకోవడానికి ఇంకో భద్రతను (మనిషి మనిషికీ సరిచూడటం) వదులుకుంటోంది. ఈ బేరం ఆమె ఒంటరిగా, వార్డు మధ్యలో, ఎవరినీ అడిగే వీలులేకుండా చేస్తోంది. ఈ గదీ సిగ్నలూ నేను ఉదాహరణకు పేర్చినవి. వ్యాసం ఇచ్చిన కారణాల జాబితా చదివితే ఇలాంటివి ఎవరికి వాళ్లే పేర్చుకోవచ్చు.

ఆ జాబితా ఈ వ్యాసానికి గుండెకాయ. 31 రకాల కారణాలు. అవి ఐదు వైపులనుంచి వస్తాయన్నారు: పరికరం, పని, సంస్థ, రోగి, చుట్టూ ఉన్న పరిసరం. బార్‌కోడ్ నలిగింది, చెరిగింది, చిరిగింది. అసలు లేనే లేదు. లేదా దానిమీదే ఇంకో లేబుల్ అంటించారు. ఈ చివరిది నన్ను ఆపింది. బార్‌కోడ్‌ను చదవడానికి వీల్లేకుండా చేసింది మరో లేబులే, అదీ ఎవరో తమ పని తాము శ్రద్ధగా చేస్తూ అంటించిందే. ఇక రోగి పట్టీ: నీళ్లలో నానింది, ఊడిపోయింది, నమిలేశారు. అవును, నమిలేశారు. పిల్లల వార్డు చూసినవాళ్లకీ, మతిమరుపు ముదిరిన పెద్దవాళ్లను చూసుకున్నవాళ్లకీ ఈ మాటలో వింతేమీ ఉండదు. పద్ధతిని గీసిన బల్ల దగ్గర మాత్రం ఈ సంగతి ఎవరికీ తట్టి ఉండదు. బ్యాటరీ అయిపోవడం, స్కానర్ మొరాయించడం, అత్యవసరం ముంచుకురావడం కూడా ఇందులో ఉన్నాయి.

గమనించండి, 31 కారణాల్లో ‘నర్సుల నిర్లక్ష్యం’ అన్న గంపగుత్త పద్దు పెట్టి చేతులు దులుపుకోలేదు. మనదగ్గర ఏ ప్రమాదం జరిగినా మర్నాటి పేపర్లో ‘సిబ్బంది నిర్లక్ష్యం’ అన్న రెండు మాటలు తప్పకుండా ఉంటాయి. అవి రాయడం తేలిక. వాటితో బాగుచేయగలిగింది మాత్రం ఏమీ ఉండదు. ‘బార్‌కోడ్ మీద లేబుల్ అంటించారు’ అని రాస్తే, రేపు ఫార్మసీకి వెళ్లి లేబుల్ జాగా మార్పించవచ్చు.

ఇక అంకెలు. వ్యాసంలో నాకు బాగా నచ్చిన నిగ్రహం ఇక్కడుంది. రికార్డుకెక్కిన రోగుల్లో 4.2 శాతం మంది దగ్గర, రికార్డుకెక్కిన మందుల్లో 10.3 శాతం దగ్గర నర్సులు హెచ్చరికలను దాటేసి ముందుకెళ్లినట్టు లాగ్‌లలో తేలింది. రెంటినీ కలిపి ఒక సగటు చెప్పేయవచ్చు, ప్రెస్ నోటుకు అదే సులువు. వాళ్లు అలా చేయలేదు. విడివిడిగా ఉంచితేనే అర్థం తెలుస్తుంది: పట్టీ కన్నా మందు దగ్గర రెట్టింపుకు మించి తడబాటు ఉంది. పట్టీలు ఒకే అచ్చువి, ఆసుపత్రి తానే ముద్రించుకున్నవి. మందులు రకరకాల కంపెనీలవి, రకరకాల ప్యాకింగులవి, కొన్నింటికి కోడే ఉండదు. కాబట్టి బాగుచేయాల్సింది వార్డు కన్నా ముందు మందులు వచ్చే దారి అని ఆ రెండంకెల మధ్య ఎడమే సూచిస్తోందని నాకనిపిస్తుంది.

వ్యాసం పైకి అనని మాట ఒకటి నేను చేరుస్తాను. ఓవర్‌రైడ్ నొక్కిన నర్సు నిజాయితీపరురాలు. ‘స్కాన్ కాలేదు, అయినా ఇస్తున్నాను’ అని తన పేరుతో రికార్డులో చెప్పింది. కాపీ స్టిక్కర్‌ను స్కాన్ చేసిన నర్సు రికార్డులో మచ్చలేకుండా ఉంది. శాతం తగ్గిందని ఆసుపత్రి మొదటామెను మందలిస్తే, వచ్చే నెల ఆమె కూడా రింగు తగిలించుకుంటుంది. శాతం పెరుగుతుంది, భద్రత తరుగుతుంది, పైవాళ్లు సంతోషిస్తారు. కొలతను బెత్తంగా వాడిన చోటల్లా జరిగేదిదే.

మనిషి వెంట నిలబడి చూసే ఈ పద్ధతి వీళ్లతో మొదలవలేదు. మందుల పొరపాట్లను కనిపెట్టడం గురించి కెనెత్ బార్కర్ 1962లోనే రాశారు. ఆయన వాడుకలోకి తెచ్చిన పరిశీలన పద్ధతిలో, నర్సు పక్కన నిలబడినవాళ్లు రోగికి ఏమిచ్చారో ఉన్నది ఉన్నట్టు రాసుకుంటారు. తర్వాత దాన్ని డాక్టరు ఆర్డరుతో పోల్చి పొరపాటు తేలుస్తారు. 2002లో బార్కర్ కూడా ఉన్న బృందం 36 ఆసుపత్రులు, నర్సింగ్ కేంద్రాల్లో ఒకే మోతాదుల మీద మూడు పద్ధతులను పోటీపెట్టింది. 2,500కు పైగా మోతాదుల్లో ఫార్మసిస్టు నిర్ధారించిన పొరపాట్లు 457. పక్కన నిలబడి చూసినవాళ్లు పట్టుకున్నవి 300. కేస్ షీట్లు తిరగేసినవాళ్లకు దొరికినవి 17. సిబ్బంది తామే రాసిచ్చిన పొరపాట్ల నివేదికల్లో కనిపించింది ఒక్కటి. ‘మాకు ఈ నెల ఒక్క పొరపాటే జరిగింది’ అని ఏ సంస్థ అయినా చెబితే, ఏ పద్ధతిలో లెక్కపెట్టారని అడగడానికి ఈ మూడంకెలు చాలు.

ఇంత చదివాక స్కానింగ్ దండగ అనుకుంటే పొరపాటు. 2010లో బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రివాళ్లు ఇదే పరిశీలన బాటలో 14,041 సార్లు మందు ఇవ్వడాన్ని చూసి లెక్క తేల్చారు. సమయం తప్పినవాటిని పక్కనపెడితే, స్కానింగ్ లేని వార్డుల్లో పొరపాట్లు 11.5 శాతం, ఉన్నచోట 6.8 శాతం. ఆర్డర్లను చేత్తో ఎత్తిరాయడంలో వచ్చే తప్పులు 6.1 శాతం నుంచి సున్నాకు పడిపోయాయి. వేళ తప్పడం వల్ల హాని కలిగే ఆస్కారం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదని వాళ్లే రాసుకున్నారు. యంత్రం పనిచేస్తుంది. ఎంత పనిచేస్తుందన్నది దాన్ని ఎలా వాడారన్నదాని మీద ఉంటుంది, ఆ ‘ఎలా’ను తూచిన తక్కెడ కోపెల్ బృందానిది.

ఆపరేషన్ థియేటర్ చెక్‌లిస్ట్ కథ కూడా ఇటువంటిదే. ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో, అందులో మన ఢిల్లీ ఒకటి, దాన్ని శ్రద్ధగా నేర్పి వాడించినప్పుడు మరణాలు 1.5 నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో లెక్క వచ్చింది. 2014లో కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులు చెక్‌లిస్ట్ పెట్టుకున్నాక చూస్తే మరణాలు 0.71 నుంచి 0.65 శాతం, అది లెక్కలోకి వచ్చే తేడా కాదు. ఎందుకన్నదానిమీద వాదనలు ఇంకా నడుస్తున్నాయి. కాగితం నిండడమూ పని జరగడమూ ఒకటి కాదన్న అనుమానం వాటిలో బలమైనది.

కోపెల్ వ్యాసం పూర్తిగా వృథా పోలేదు. అమెరికాలో ఆసుపత్రులకు గ్రేడ్లు ఇచ్చే లీప్‌ఫ్రాగ్ సంస్థ మందుల స్కానింగ్‌కు పెట్టుకున్న కొలతలో రోగినీ మందునూ రెంటినీ 95 శాతం స్కాన్ చేయాలన్న గీత ఉంది. దానితో ఆగలేదు. తప్పు రోగి, తప్పు మందు, తప్పు మోతాదు వంటివాటికి యంత్రం నిజంగా హెచ్చరిస్తోందా అని అడుగుతుంది. అడ్డదారులు పుట్టకుండా ఆసుపత్రి ఏం ఏర్పాట్లు చేసుకుందో కూడా అడుగుతుంది. నర్సులు స్కాన్ చేస్తుండగా పక్కన ఉండి చూడటం ఆ ఏర్పాట్లలో ఒకటి. 95 అంటే గొప్పగా వినిపిస్తుంది గాని, రోజుకు వెయ్యి మోతాదులిచ్చే ఆసుపత్రిలో మిగిలిన 5 శాతమంటే రోజూ 50. ఆ 50 ప్రాణాపాయంలో హడావిడిగా ఇచ్చినవా, బ్యాటరీ లేక ఇచ్చినవా అన్నది అంకె చెప్పదు, మనిషి వెళ్లి చూడాలి.

వ్యాసానికి లోట్లు లేవా అంటే ఉన్నాయి. చూసింది ఐదు ఆసుపత్రులే, అన్నీ ఒకే దేశానివి, అదీ అప్పటి స్కానర్లు. ప్రతి అడ్డదారికీ రాగల ముప్పును చెప్పారు గాని, వాటివల్ల నిజంగా ఎంతమందికి హాని జరిగిందన్న లెక్క ఇందులో ఉండదు. భాష కూడా కొన్నిచోట్ల బండబారి ఉంటుంది, పట్టికలు ఓపికను పరీక్షిస్తాయి. నేనైతే మొదటిసారి చదివేవాళ్లకు పట్టికలతో మొదలుపెట్టమనే చెబుతాను. వచనం కన్నా వాటిలోనే ప్రాణం ఉంది.

మనకు దీంతో పనేమిటంటే, పని దగ్గరపడింది. 2023 ఆగస్టు 1 నుంచి మనదేశంలో 300 బ్రాండ్ల మందుల మీద బార్‌కోడ్ గాని క్యూఆర్ కోడ్ గాని తప్పనిసరి అయింది. అది నకిలీ మందులను పట్టుకోవడానికి పెట్టింది. లేబుల్ మీద జాగా చాలకపోతే పైడబ్బా మీద వేసినా నిబంధన ఒప్పుకుంటుంది. వార్డులో నర్సు చేతికి వచ్చేది డబ్బా కాదు, కత్తెరతో కత్తిరించిన స్ట్రిప్‌లో రెండు మాత్రలు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఒక కార్పొరేట్ ఆసుపత్రి రేపు మంచం పక్కన స్కానింగ్ పెడితే, మొదటి నెలలోనే ‘కోడ్ లేని మందు’ అన్న కారణం పైకి తేలుతుంది. మాత్ర మాత్రకూ విడి ప్యాకెట్, దానిమీద కోడ్ వేసే పని ఫార్మసీలో ముందే మొదలుపెట్టకపోతే, సిస్టర్లు తమ దారి తాము వెతుక్కుంటారు. అందుకు వాళ్లకు మెమోలు ఇవ్వడం అన్యాయం.

ఆసుపత్రికి స్కానింగ్ వ్యవస్థ కొనేవాళ్లు, ఫ్యాక్టరీకి సేఫ్టీ యాప్ తెప్పించేవాళ్లు అమ్మకందారు డెమో చూడబోయే ముందు ఈ వ్యాసం చదవండి. మీ దగ్గర పని మొదలయ్యాక డ్యాష్‌బోర్డు తెరిచేముందు ఒక పూట స్కానర్ పట్టుకున్న మనిషి వెంట తిరగండి, తప్పులు రాసుకోవడానికి కాకుండా అడ్డంకులు రాసుకోవడానికి. వ్యాసం ఇంగ్లీషులో ఉంది, పబ్‌మెడ్ సెంట్రల్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది.